దారం ఎవరికి కట్టాలి? ‘ఐఎన్‌జీ’ పలక ప్రాజెక్టు డైరీ

జూన్, బళ్లు తెరిచాక

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో సాయంత్రం పూట నా దగ్గర చదువుకునేవాళ్లలో ఇంటర్ పిల్లలున్నారు, రైల్వే, బ్యాంకు పరీక్షలకు తయారవుతున్న పెద్దవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకే చోట ఆగిపోతున్నారు. ‘సెల్లింగ్’, ‘వాకింగ్’, ‘నోయింగ్’ లాంటి, చివర ‘ఐఎన్‌జీ’ (ing) వచ్చే మాటల పక్కన ‘ఈజ్’, ‘వజ్’ ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. అవి లేకుండా ఒంటరిగా కనబడితే మాత్రం వాక్యం ఎటు నుంచి చదవాలో తెలియడం లేదు.

ఇలాంటి ఐఎన్‌జీ మాటను ఇంగ్లీషు వ్యాకరణంలో ప్రెజెంట్ పార్టిసిపుల్ అంటారు. గైడు పుస్తకాలు దాన్ని ‘తూ’ లేదా ‘తున్న’ అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. పిల్లలు అదే బట్టీపట్టి వస్తున్నారు. పేరులో ‘ప్రెజెంట్’ ఉంది కాబట్టి అది వర్తమానకాలం అనుకుంటున్నారు. ఐఎన్‌జీ మాట కనబడగానే ముందుగా అడగాల్సింది ‘ఈ పని ఎవరిది?’ అని నా నమ్మకం. కాలం సంగతి అసలు క్రియ చూసుకుంటుంది. కర్తను మాత్రం మనమే పట్టుకోవాలి.

ఈ ప్రశ్న నోటితో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తారు. చేత్తో చేయించాలని ఒక పలక మొదలుపెట్టాం. స్టేషన్ రోడ్డులో ఒక వడ్రంగి మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్క ఇచ్చాడు. దాని మీద వరసగా చిన్న మేకులు కొట్టాం. వాక్యంలో ఒక్కో మాటనీ ఒక్కో అట్టముక్క మీద రాసి, మేకుకు తగిలిస్తాం. ఐఎన్‌జీ మాటకు ఎర్రదారం ముడి వేసి, రెండో కొస తీసుకెళ్లి ఆ పని చేసేవాళ్ల మేకుకు చుట్టాలి. చుట్టడానికి ఎవరూ దొరక్కపోతే దారం కిందికి వేలాడుతుంది. అలా వేలాడిన వాక్యాన్ని అందరం కలిసి బాగుచెయ్యాలి. పలక నియమం అంతే.

జూన్, కొద్ది రోజుల తర్వాత

మొదటి వాక్యం స్టేషన్‌లో రోజూ వినేదే. ‘ద ట్రైన్ ఈజ్ అరైవింగ్ ఆన్ ప్లాట్‌ఫామ్ నంబర్ వన్.’ దారం ‘ట్రైన్’కు చుట్టారు. ఇందులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు.

అసలు సంగతి ‘ఈజ్’ అట్టముక్క తీసేస్తే తెలిసింది. ‘ద ట్రైన్ అరైవింగ్ ఆన్ ప్లాట్‌ఫామ్ నంబర్ వన్...’ అని ఒక అమ్మాయి చదివి, ఆగి, “తరవాత ఏటండి మాస్టారూ?” అంది. ఆ ఒక్క ప్రశ్నలో సగం పాఠం ఉంది. ‘ఈజ్’ పోగానే వాక్యం కాస్తా ‘ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ మీదికి వస్తున్న రైలు’ అయిపోయింది. ఆ రైలు ఏమైందో ఇంకా చెప్పాలి. ఐఎన్‌జీ మాట తనంతట తాను వాక్యాన్ని ముగించలేదు. తెలుగు వ్యాకరణంలో దీన్నే అసమాపక క్రియ అంటాం. పదో తరగతిలో క్త్వార్థకం, శత్రర్థకం చదువుకున్నవాళ్లే వీళ్లంతా. ‘చేసి’ క్త్వార్థకం, ‘చేస్తూ’ శత్రర్థకం. ఆ పాఠాన్ని తెలుగు పీరియడ్‌లోనే వదిలేసి రావడం వల్ల ఇంగ్లీషు పీరియడ్‌లో మళ్లీ మొదటినుంచీ కష్టపడుతున్నారు.

తర్వాత ‘ఈజ్’ మేకు మీద ‘వజ్’ పెట్టాం, ‘విల్ బీ’ పెట్టాం. ‘అరైవింగ్’ అట్టముక్కను ఎవరూ ముట్టుకోలేదు. నిన్నటి రైలైనా రేపటి రైలైనా దానికి ఒకటే.

జూలై మొదట్లో

ఈ వారమంతా పనసకాయల వాక్యంతోనే గడిచింది, అంత సరుకుంది అందులో.

తెలుగులో ‘రైల్వే గేటు దగ్గర పనసకాయలు అమ్ముతున్న ముసలమ్మ’ అంటాం. చివర్న ముసలమ్మ, ఆమె గురించిన భోగట్టా అంతా ముందు. ఇంగ్లీషులో పలకంతా తిరగబడింది: ‘ది ఓల్డ్ ఉమన్ సెల్లింగ్ జాక్‌ఫ్రూట్స్ నియర్ ద రైల్వే గేట్.’ ముందు ముసలమ్మ, ఆమె వెనకాల ‘సెల్లింగ్’, దాని వెనకాల మిగతా సామాను. తెలుగు వాక్యం అట్టముక్కలు పైవరసలో, ఇంగ్లీషువి కిందివరసలో తగిలించి చూస్తే పైన కుడిచివర ఉన్నది కింద ఎడమచివరకు వచ్చింది. ఇంటర్ పిల్లలకు ఇది కళ్లతో చూడటమే కావాలి.

మాట ఒక్కటే ఉంటే ఇంగ్లీషు కూడా ముందే పెడుతుంది. ‘బాయిలింగ్ వాటర్’ మరుగుతున్న నీళ్లు, ‘ఫాలింగ్ లీవ్స్’ రాలుతున్న ఆకులు. వెనకాల కర్మో, చోటో తగిలిందంటే మాత్రం నామవాచకం తర్వాతికి వెళ్లాల్సిందే. ‘ది బాయిలింగ్ ఇన్ ద పాట్ వాటర్’ అని ఎవరూ అనరు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. పొలం పనులు చూసుకుంటూ పరీక్షలకు చదువుతున్న ఒకబ్బాయి ‘ముసలమ్మ అమ్ముతున్న పనసకాయలు’ రాయబోయి, ‘ద జాక్‌ఫ్రూట్స్ సెల్లింగ్ ది ఓల్డ్ ఉమన్’ అని పలక మీద పెట్టాడు. దారం కట్టమన్నాను. అలవాటు ప్రకారం పక్కనున్న నామవాచకానికి చుట్టాడు. చుట్టాక తనే చదివి చూసుకున్నాడు. పనసకాయలే ముసలమ్మను అమ్ముతున్నాయి!

తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. తెలుగులో ‘అమ్ముతున్న’ అనేది ఎవరి పక్కనైనా సర్దుకుంటుంది. అమ్ముతున్న మనిషి, అమ్ముతున్న కాయలు, అమ్ముతున్న చోటు, అమ్ముతున్న ధర, అన్నీ సరైనవే. ఇలా క్రియ నుంచి పుట్టిన విశేషణానికి, అంటే ధాతుజ విశేషణానికి, మన భాషలో అంత స్వేచ్ఛ ఉంది. ఇంగ్లీషు ఐఎన్‌జీకి ఆ స్వేచ్ఛ లేదు. అది ఎవరి వెనక నిలబడితే వాళ్లే ఆ పని చేస్తున్నట్టు. కాయల గురించి చెప్పాలంటే ‘ద జాక్‌ఫ్రూట్స్ ది ఓల్డ్ ఉమన్ ఈజ్ సెల్లింగ్’ అని పూర్తి వాక్యమే తగిలించాలి, లేదా ‘బీయింగ్ సోల్డ్’ అని కర్మణిలోకి మార్చాలి. చోటు గురించైతే ‘ద ప్లేస్ వేర్ షి ఈజ్ సెల్లింగ్ దెమ్’ అనాలి.

ఇంత ముఖ్యమైన తేడాను ఏ గైడులోనూ తెలుగు పిల్లవాడి వైపు నుంచి చెప్పినట్టు నాకు కనబడలేదు. చెప్పి ఉంటే ఎన్ని మార్కులు నిలబడేవో!

జూలై, ముసురు పట్టిన వారం

నాలుగు చినుకులు పడితే వీధి దీపం పోయే కాలం. అయినా వచ్చారు. బయట వాన కాబట్టి వాక్యం కూడా వానదే తీసుకున్నాం: ‘రెండు రోజులు వాన పడి చెరువు నిండింది.’

ఇందులో తెలుగు చాలా చక్కగా ఉంది. వాన పడింది, చెరువు నిండింది. కర్తలు ఇద్దరు. మామూలుగా క్త్వార్థకానికి, అసలు క్రియకు కర్త ఒకరే ఉండాలి. ‘సీత వచ్చి రాము వెళ్లాడు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ ఒకటి కారణం, రెండోది ఫలితం అయినప్పుడు, పైగా ఎవరూ కావాలని చేసింది కానప్పుడు, తెలుగు ఇద్దరు కర్తల్ని ఒప్పుకుంటుంది. చెట్టు పడి కరెంటు పోయింది. కరెంటు పోయి పని ఆగింది. మన నోట్లో రోజంతా నలిగే వాక్యాలివి.

అదే పద్ధతిలో ఇంగ్లీషు రాస్తే ‘రెయినింగ్ ఫర్ టూ డేస్, ద ట్యాంక్ ఫిల్డ్’ అవుతుంది. పలక మీద దారం ఎక్కడికి పోవాలి? ఐఎన్‌జీ వాక్యం మొదట్లో ఉంటే ఇంగ్లీషు పాఠకుడి కన్ను నేరుగా అసలు క్రియ కర్త దగ్గరికి వెళ్తుంది. అంటే చెరువే వాన కురిసినట్టు. దారం చుట్టడానికి అమ్మాయి చెయ్యి చాపి, చెరువు మేకు దగ్గర ఆపేసి, “చెరువు ఎలగ కురుస్తాదండి?” అని దారం వదిలేసింది. అది కిందికి వేలాడింది. ఇంగ్లీషు వ్యాకరణంలో దీని పేరు కూడా అదే, డ్యాంగ్లింగ్ పార్టిసిపుల్, అంటే వేలాడే పార్టిసిపుల్. మన పలక చూసి పెట్టినట్టే ఉంది.

బాగుచేసే దారులు చాలానే దొరికాయి. ‘ఆఫ్టర్ ఇట్ రెయిన్డ్ ఫర్ టూ డేస్, ద ట్యాంక్ ఫిల్డ్’ అన్నిటికన్నా సాదాగా ఉంది. ‘టూ డేస్ ఆఫ్ రెయిన్ ఫిల్డ్ ద ట్యాంక్’ ఇంకా పొట్టిది, నాకు అదే నచ్చింది. ఐఎన్‌జీని ఉంచుకోవాల్సిందే అంటే దానికి సొంత కర్తను పక్కనే కూర్చోబెట్టాలి: ‘ఇట్ హ్యావింగ్ రెయిన్డ్ ఫర్ టూ డేస్, ద ట్యాంక్ ఫిల్డ్.’ ఇది పుస్తకాల ఇంగ్లీషు, మాట్లాడేటప్పుడు అరుదు. పరీక్షల్లో మాత్రం తరచుగా వస్తుంది. పోటీ పరీక్షలు రాసేవాళ్లకు తెలిసిన పాత ప్రశ్న ‘బీయింగ్ ఎ రెయినీ డే, వుయ్ స్టేయ్డ్ ఎట్ హోమ్.’ తప్పు ఎక్కడ? వానరోజు మనం కాదు. కాబట్టి ‘ఇట్ బీయింగ్ ఎ రెయినీ డే’ అనాలి. ‘బస్సు లేకపోవడంతో నడిచాం’ అనేది కూడా ఇదే కోవలో ‘దేర్ బీయింగ్ నో బస్, వుయ్ వాక్డ్’ అవుతుంది. ఇన్నాళ్లూ ‘ఇట్’, ‘దేర్’ ఎందుకు చేర్చాలో తెలియక జవాబు బట్టీపట్టామని రైల్వే పరీక్ష రాసేవాళ్లు ఇద్దరు ముగ్గురు అన్నారు. దారం కట్టి చూస్తే కారణం అదే బయటపడింది.

అదే వారం, పొందూరు వాక్యం

పొందూరు నుంచి వచ్చే అమ్మాయి వాళ్ల అమ్మమ్మ నూలు వడుకుతుంది. పొందూరు ఖాదీ పేరు అందరికీ తెలుసు గాని, పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని మా ఇంటర్ పిల్లల్లో కొందరికి తెలియదు. ఆ అమ్మాయి ఒక దవడ ముక్క తెచ్చి చూపించింది. బెత్తెడు కూడా లేదు. వేలితో తడిమితే ఇసుక కాగితంలా గరగరలాడే సన్నని పళ్లు వరసగా ఉన్నాయి. గింజకు అంటుకున్న దూదిని దాంతో దువ్వితే పీచు సాపై, చెత్త వదిలిపోతుంది. మేము వంతులవారీగా పట్టుకు చూస్తుంటే తను పలక మీద వాక్యం పెట్టింది:

‘క్లీనింగ్ ద కాటన్ విత్ ఎ ఫిష్ జాబోన్, ద యార్న్ బికమ్స్ ఫైన్.’

తెలుగులో ‘చేప దవడతో దూది దువ్వి నూలు సన్నగా వస్తుంది’ అని నోటిమాటగా ఎవరైనా అంటారు, ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. ఇంగ్లీషులో దారం కడితే నూలే కూర్చుని దూది దువ్వుతోంది. వడికే అమ్మమ్మ వాక్యంలోనే లేదు.

‘క్లీనింగ్ ద కాటన్ విత్ ఎ ఫిష్ జాబోన్, ద స్పిన్నర్స్ గెట్ ఎ ఫైన్ యార్న్’ అని మార్చింది. ఇప్పుడు పని చేసేవాళ్లు వాక్యంలోకి వచ్చారు. ఈ మార్పు నాకు వ్యాకరణం కంటే ఎక్కువ అనిపించింది. పని ఎవరిదో వాళ్లను కర్త స్థానంలో నిలబెట్టాలి. డ్యాంగ్లింగ్ పార్టిసిపుల్‌ను దిద్దుతున్నామంటే చాలాసార్లు చేసే పని అదే.

ఆగస్టు

‘చేసి’ అన్నచోటల్లా ‘హ్యావింగ్’ పెట్టే అలవాటు పెద్దవాళ్లలో బాగా ఉంది. దీనికి ఉద్దానం నుంచి వచ్చిన అబ్బాయి తిత్లీ తుపాను వాక్యాలు ఇచ్చాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను అది. కొబ్బరి, జీడిమామిడి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాడు కాబట్టి, వాక్యాల్లో ఏది ముందో ఏది వెనకో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

‘తలుపు తీసి బయటికి చూశాడు’ అంటే ‘ఓపెనింగ్ ద డోర్, హి లుక్డ్ అవుట్’ చాలు. రెండు పనులూ ఒకదాని వెంట ఒకటి వెంటనే జరిగాయి, మధ్యలో ఎడం లేదు. ‘తోటంతా పోగొట్టుకుని మళ్లీ మొక్కలు నాటారు’ అంటే మధ్యలో కాలం గడిచింది, మొదటిది పూర్తిగా అయిపోయాకే రెండోది మొదలైంది. అక్కడ ‘హ్యావింగ్ లాస్ట్ దెయిర్ గ్రోవ్స్, దే ప్లాంటెడ్ అగైన్’ అనాలి. కాబట్టి ‘చేసి’కి ఒకసారి వట్టి ఐఎన్‌జీ, ఒకసారి ‘హ్యావింగ్’. ‘చేస్తూ’కి ఎప్పుడూ వట్టి ఐఎన్‌జీయే.

వాక్యం చివర వచ్చే ఐఎన్‌జీ వేరే పని చేస్తోంది. ‘తిత్లీ క్రాస్డ్ ద కోస్ట్, అప్‌రూటింగ్ కోకోనట్ ట్రీస్.’ పత్రికల్లో ఇది రోజూ కనబడుతుంది. చివర్న కామా పెట్టి తగిలించింది సాధారణంగా ఫలితమో, వెంట జరిగిన సంగతో. దాన్ని ‘కూల్చుతూ దాటింది’ అని అనువదిస్తే తెలుగు తేలిపోతుంది. ‘దాటి, చెట్లను కూల్చేసింది’ అనాలి. ఇంగ్లీషు చివర్లోని ఐఎన్‌జీ తెలుగులో వాక్యాన్ని ముగించే సమాపక క్రియగా కూర్చుంటుంది.

ఇంకో వాక్యం దగ్గర పలకకే కొత్త ముడి కావాల్సొచ్చింది. ‘ద ట్రైన్ వజ్ క్యాన్సిల్డ్, లీవింగ్ అజ్ స్ట్రాండెడ్.’ మమ్మల్ని ఇరుకున పెట్టింది రైలా? రైలు రాలేదు గదా! రైలు రద్దు కావడమే ఇరుకున పెట్టింది. అంటే కర్త ఒక మాట కాదు, ముందున్న వాక్యమంతా. మొదటి మేకు నుంచి చివరి మేకు దాకా దారం చుట్టి, దానికి ‘లీవింగ్’ను కట్టాం. ఇలాంటిది తప్పు కాదు, బాగా చదివిన ఇంగ్లీషువాళ్లే రాస్తారు. వాక్యం మొదట్లో వచ్చే ఐఎన్‌జీకి ఈ వెసులుబాటు లేదు.

ఆగస్టు చివర

పలాస జీడిపప్పు అట్టపెట్టె మీద నుంచి వచ్చింది ఈ వారం వెలుగు. ‘పెట్టెలో జీడిపప్పు ఉంది’ అనడానికి ‘ద బాక్స్ ఈజ్ కంటైనింగ్ క్యాష్యూస్’ తప్పు. ‘కంటైన్స్’ అనాలి. మరి ‘ఎ బాక్స్ కంటైనింగ్ క్యాష్యూస్’ ఎలా ఒప్పు?

గైడులో సూత్రం ‘విచ్ ఈజ్ తీసేస్తే పార్టిసిపుల్ మిగులుతుంది’ అని ఉంటుంది. ఇక్కడ ఆ సూత్రం పనిచెయ్యదు. ‘విచ్ ఈజ్ కంటైనింగ్’ అనే వాక్యమే లేదు కాబట్టి తియ్యడానికి ఏమీ లేదు. ‘విచ్ కంటైన్స్’ కాస్తా నేరుగా ‘కంటైనింగ్’ అయింది. ‘ద రోడ్ లీడింగ్ టు అరసవల్లి’ కూడా అంతే. రోడ్డు ఎప్పుడూ అరసవల్లికే వెళ్తుంది, ఇప్పుడు ఈ నిమిషాన వెళ్తున్నది కాదు. ‘ఐయామ్ నోయింగ్ ద వే’ అనకూడదు, కానీ ‘నోయింగ్ ద వే, షి డిడ్ నాట్ ఆస్క్ ఎనీవన్’ చక్కని వాక్యం. తెలుగులో ‘దారి తెలిసి’, ‘దారి తెలిసినందువల్ల’ అంటాం, ‘తెలుస్తూ’ అనం.

ఐఎన్‌జీ అంటే జరుగుతూ ఉన్నది అనే నమ్మకం ఇక్కడ పూర్తిగా పోతుంది. ఆ జరుగుతూ ఉండటం ‘ఈజ్’, ఐఎన్‌జీ కలిసినప్పుడు వచ్చే గుణం. ఒంటరి ఐఎన్‌జీ కర్తకు ఒక పనినో స్థితినో తగిలిస్తుందంతే. జూన్ నుంచి చెప్పాలనుకున్నది ఇదే. మొదటి రోజే చెప్పి ఉంటే ఎవరికీ పట్టేది కాదు.

సెప్టెంబరు

రెండు చిన్న సంగతులు. మొదటిది, ‘ఐ సా ఎ మ్యాన్ క్రాసింగ్ ద ట్రాక్’, ‘ఐ సా ఎ మ్యాన్ క్రాస్ ద ట్రాక్’. మొదటిదాంట్లో దాటుతుండగా చూశాను, అవతలికి చేరాడో లేదో వాక్యం చెప్పదు. రెండోదాంట్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరేదాకా చూశాను. దారం రెండింటిలోనూ ‘మ్యాన్’కే, ‘ఐ’కి కాదు.

రెండోది, ‘స్లీపింగ్ బేబీ’, ‘స్లీపింగ్ బ్యాగ్’. పాప నిద్రపోతోంది, దారం కట్టొచ్చు. సంచి నిద్రపోదు, అది నిద్రకోసం. పలికేటప్పుడు కూడా తేడా ఉంది. సంచి అన్నప్పుడు ఊనిక ‘స్లీపింగ్’ మీద, పాప అన్నప్పుడు ‘బేబీ’ మీద పడుతుంది. రూపం ఒకటే గాని రెండింటి పుట్టుక వేరు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో పార్టిసిపుల్‌కు ‘ఎండె’ అనీ, పని పేరుకు ‘ఉంగ్’, ‘ఇంగ్’ అనీ వేర్వేరు ప్రత్యయాలు ఉండేవి. తర్వాతి శతాబ్దాల్లో రెండూ కలిసి ఒకే ‘ఇంగ్’ అయ్యాయి. అందుకే ఈ తికమక మనకే కాదు, ఇంగ్లీషు వ్యాకర్తలకూ ఉంది. వాళ్లలో కొందరు ఈ రెండింటినీ విడదీయకుండా ఒకే పేరుతో పిలుస్తున్నారు. సంచి లాంటి వాటిని పలకకు ఎక్కించకుండా పక్కన డబ్బాలో వేస్తున్నాం.

ఇప్పుడు డబ్బాలో ఇంకో రకం కూడా చేరింది. ‘కన్సిడరింగ్ ద రెయిన్స్, ద క్రాప్ ఈజ్ గుడ్.’ పంట దేన్నీ ఆలోచించదు, దారం వేలాడాల్సిందే. అయినా ఈ వాక్యాన్ని ఎవరూ తప్పుపట్టరు. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’, ‘జడ్జింగ్ ఫ్రమ్’ లాంటివి వాడి వాడి కర్త అక్కర్లేని అవ్యయాల్లా తయారయ్యాయి. కళింగపట్నం నుంచి వచ్చే అబ్బాయికి ‘వెదర్ పర్మిటింగ్’ బాగా నచ్చింది. వాతావరణం అనుకూలిస్తే వేటకు వెళ్తారు వాళ్ల నాన్నవాళ్లు. అందులో కర్త పక్కనే ఉంది, కాబట్టి అది పలక మీదికే ఎక్కింది. ‘కన్సిడరింగ్’ లాంటివాటిని డబ్బాలోంచి తీసి పలక మీద పెట్టాల్సి వస్తే తెల్లదారం వేసి, ఎవరికీ చుట్టకుండా వాటి మేకుకే ముడి వెయ్యమన్నాను. ‘ఫాలోయింగ్’ ఏ దారానికి చెందుతుందో వచ్చే వారం తేల్చాలి. ‘ద పోలీస్ ఆర్ ఫాలోయింగ్ హిమ్’, ‘ఫాలోయింగ్ ద సైక్లోన్, స్కూల్స్ వర్ క్లోజ్డ్’ రెండూ అట్టముక్కల మీద రాసి ఉంచాం.